సల్లలోని సన్నని గోడలు

తెలంగాణ పల్లెల్లో మక్క గట్క వండితే అందులోకి సల్ల, అంటే మజ్జిగ, ఉండాల్సిందే. వేడి గట్క మీద సల్ల పోసుకుని, పక్కన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టుకుని తింటారు. చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి ఊళ్ల చుట్టూ నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే నేలలో ఇప్పుడు వరిదే రాజ్యం. గట్క తినే పూటలు తగ్గాయి. సల్ల మాత్రం ఏ పూటా తప్పలేదు. ఆ గిన్నెలో కలిసే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. సరిగ్గా ఎండని మక్కల్లో బూజు చేరితే, అది వదిలే విషం పొయ్యి మీది మంటకు పోదు. సల్లలో ఉండే సూక్ష్మజీవులకు మాత్రం ఆ విషాన్ని తమ ఒంటి మీదే పట్టి ఉంచే గుణం ఉంది. ఆ పట్టు ఎలా కుదురుతుంది, ఎంత గట్టిది, ఎక్కడ జారిపోతుంది అన్నదే ఈ వ్యాసం. చాలా చిన్న పనివాళ్ల పని ఇది. దగ్గరికెళ్లి చూసినకొద్దీ గౌరవం పెరిగే పని.

సల్ల పెరుగులోంచే వస్తుంది కాబట్టి ముందు తోడు సంగతి చూద్దాం. పాలు బాగా కాచి, చల్లారనిచ్చి, వేలు ముంచి చూస్తారు. వేలు ఓర్చుకోగలిగే వెచ్చదనం ఉన్నప్పుడే తోడు వెయ్యాలి. థర్మామీటర్ పెడితే అది 40 డిగ్రీల దరిదాపుల్లో తేలుతుంది. పెరుగులోని ముఖ్యమైన రెండు బ్యాక్టీరియాలు స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్‌లకు ఇష్టమైన వేడి కూడా ఇంచుమించు అదే. తోడు ఎక్కువైతే పెరుగు తొందరగా పులుస్తుంది, తక్కువైతే తెల్లారినా గట్టిపడదు. చలికాలంలో ఓ చుక్క ఎక్కువ వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి, పొయ్యి పక్కన పెడతారు. ఈ లెక్కలన్నీ చేతికి తెలుసు. ఏ పుస్తకంలోనూ చదువుకోని ఆ చెయ్యి రోజూ రాత్రి ఒక జీవరసాయన ప్రయోగాన్ని ఒకే ఫలితం వచ్చేలా చేస్తుంది.

గిన్నె మూత వేశాక లోపల జరిగేది ఇంకా చక్కని పని. మొదట థర్మోఫిలస్ జోరుగా పెరుగుతుంది. పాలలోని ఆక్సిజన్‌ను వాడేసి, ఫార్మిక్ ఆమ్లం, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. బల్గారికస్ ఎదుగుదలకు కావలసినవి అవే. బల్గారికస్ పుంజుకున్నాక పాల మాంసకృత్తులను చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కలు థర్మోఫిలస్‌కు తిండి. ఒకరు లేకపోతే రెండోవారి పని నెమ్మదిస్తుంది. ఇద్దరూ కలిసి పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తారు. పాల పీహెచ్ 6.6 నుంచి దిగుతూ 4.6 దగ్గరికి వచ్చేసరికి, అంతవరకు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగిన కేసిన్ రేణువులు ఆ విముఖత వదిలి చేతులు కలుపుతాయి. పాలు పెరుగవుతాయి. ఇంటి పెరుగులో ఈ ఇద్దరే కాదు, లాక్టోకాకస్ వంటి ఇంకా కొన్ని జాతులూ ఉంటాయి. ఏ ఇంటి తోడు ఆ ఇంటిదే. మంచి పెరుగులో గ్రాముకు 10 కోట్ల నుంచి 100 కోట్ల దాకా ఈ జీవాలు ఉండడం మామూలు. కోడెక్స్ ప్రమాణం ప్రకారం యోగర్ట్ అనిపించుకోవాలంటే గ్రాముకు కనీసం కోటి ఉండాలి.

పెరుగు ఆరోగ్యానికి మంచిదన్న మాటకు పరిశోధనశాల ముద్ర పడి నూరేళ్లు దాటింది. బల్గేరియా విద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో జెనీవాలో తన దేశపు పెరుగులోని బ్యాక్టీరియాను గుర్తించాడు. ఆ రోజుల్లోనే ఇల్యా మెచ్నికోవ్ పారిస్‌లో కూర్చుని పెరుగుకూ దీర్ఘాయువుకూ సంబంధం ఉందని వాదించాడు. ఆ కథ చాలామంది చెప్పారు. నాకు ఇక్కడ కావలసింది వేరే కథ.

అది బూజుతో మొదలవుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు కాలేయం చెడి చనిపోయాయి. కారణం వెతుక్కుంటూ పోతే బ్రెజిల్ నుంచి వచ్చిన పల్లి పిండి దాణా దొరికింది, దాంట్లో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే పసుపుపచ్చని బూజు, ఆ బూజు తయారుచేసిన అఫ్లాటాక్సిన్. ప్రపంచానికి అది కొత్త పేరు. మన దేశంలో దాని అసలు రూపం 1974లో బయటపడింది. రాజస్థాన్‌లోని బన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో ఆ ఏడాది కోతల ముందు అకాల వానలు పడ్డాయి. తడిసిన మక్కలను సరిగ్గా ఆరబెట్టే వీలు లేక, ఉన్నవాటినే గిరిజన కుటుంబాలు రొట్టెలు చేసుకుని తిన్నాయి. కామెర్లు, పొట్ట ఉబ్బరం. ఆ ఇళ్ల కుక్కలకూ అదే జబ్బు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వాళ్ల సహచరులు వెళ్లి ఇంటింటా తిరిగి, మక్కలు సేకరించి, పరీక్షించి 1975లో లాన్సెట్ పత్రికలో రాశారు. 397 మంది జబ్బుపడితే 106 మంది చనిపోయారు. ఆ మక్కల్లో కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల దాకా విషం ఉంది. ఈనాడు మన దేశంలో ధాన్యాలకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే హద్దుకు 400 నుంచి 1000 రెట్లు.

ఇదంతా ఎక్కడో జరిగిందని ఊరుకోవడానికి లేదు. 1995లో మన దక్కన్ పీఠభూమి పల్లెల్లోనే వానకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మక్కలు తిన్నవాళ్లకు తిన్న గంటలోపే కడుపునొప్పి, కడుపులో గుడగుడలు, విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ జాతీయ పోషకాహార సంస్థవాళ్లే, రమేశ్ భట్ బృందమే కదిలింది. 50 పల్లెలు చూస్తే 27 పల్లెల్లో జబ్బు కనబడింది. ఈసారి దోషి అఫ్లాటాక్సిన్ కాదు, ఫ్యుజేరియం అనే మరో బూజు చేసే ఫ్యుమోనిసిన్. ఆ ధాన్యం మేపితే ఒక్కరోజు కోడిపిల్లలకూ విరేచనాలు పట్టుకున్నాయి. అదృష్టవశాత్తు ఆ జబ్బు దానంతటదే తగ్గేది, ప్రాణాలు తీయలేదు. తడిసిన పంటను పారబోయలేని పేదరికమే రెండు కథల్లోనూ అసలు కారణం. బూజు దాని తర్వాతి సంగతి.

అఫ్లాటాక్సిన్ మొండితనం చూడండి. అన్నం ఉడికే వేడికి, రొట్టె కాలే వేడికి ఈ అణువు చెక్కుచెదరదు. రంగు, వాసన, రుచి వేటిలోనూ తెలియదు. బూజు దులిపేసినా గింజలో నిలిచి ఉంటుంది. పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయంలోకి వెళుతుంది. బయటి పదార్థాలను విడగొట్టి పంపించే కాలేయపు ఎంజైములు దీన్ని కూడా విడగొట్టబోయి మరింత చురుకైన రూపంలోకి మార్చేస్తాయి. ఆ రూపం డీఎన్ఏలోని గ్వానిన్‌కు అంటుకుంటుంది. రోజూ కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తింటే కాలేయ క్యాన్సర్‌కు దారి తీసేది ఇదే. కాబట్టి విషాన్ని ఆపడానికి మంచి చోటు పేగు. అణువు పేగు గోడ దాటకముందే దాన్ని ఎవరైనా పట్టుకుంటే, అది మలంతో పాటు బయటికి పోతుంది.

ఇక్కడ ఫిన్లండ్ వస్తుంది. హనీ ఎల్‌-నెజామీ, సెప్పో సల్మినెన్ తదితరులు 1998లో ఒక సాదా ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జాతికి చెందిన రెండు తెగలను తీసుకున్నారు. ఒకటి జీజీ, షెర్వుడ్ గోర్బాక్, బారీ గోల్డిన్ 1983లో ఆరోగ్యవంతుడి పేగు నుంచి వేరుచేసినది. రెండోది ఎల్‌సీ 705. ఈ బ్యాక్టీరియాను అఫ్లాటాక్సిన్ కలిపిన ద్రవంలో వేసి, కొంతసేపటికి గిర్రున తిప్పే యంత్రంలో అడుక్కి దింపి, పైన తేరిన ద్రవంలో ఎంత విషం మిగిలిందో కొలిచారు. దాదాపు 80 శాతం మాయమైంది. అదీ వెంటనే. గంటల తరబడి ఆగాల్సిన అవసరం లేకపోయింది. అంత వేగం చూస్తే బ్యాక్టీరియా విషాన్ని తిని అరిగించుకోలేదని తెలిసిపోతుంది. అరగడానికి సమయం పడుతుంది. తాకగానే అంటుకుంది, అంతే.

తర్వాతి అడుగు నాకు మరీ నచ్చినది. బ్యాక్టీరియాను నీటిలో మరిగించి చంపి, మళ్లీ ఆ పరీక్షే పెట్టారు. చచ్చిన బ్యాక్టీరియా కూడా విషాన్ని పట్టింది, కొన్నిసార్లు బతికున్నదానికన్నా ఎక్కువే పట్టింది. ఘాటైన ఆమ్లంలో ఉంచి తీసినా అంతే. అంటే పని చేసేది జీవం కాదు, జీవం కట్టుకున్న గోడ. మేస్త్రీ ఊరు విడిచి వెళ్లినా అతను కట్టింది నిలిచి ఉన్నట్టే.

ఆ గోడను దగ్గరగా చూద్దాం. పెరుగు బ్యాక్టీరియా మందం సుమారు ఒక మైక్రాన్. అందులో గోడ వాటా మైక్రాన్‌లో కొన్ని వందోవంతులు మాత్రమే. దాని ముఖ్యమైన పదార్థం పెప్టిడోగ్లైకాన్. రెండు రకాల చక్కెర అణువులు, ఒకదాని తర్వాత ఒకటి మారుతూ, పొడవైన తాళ్లలా పేనుకుని ఉంటాయి. ఆ తాళ్లను అమైనో ఆమ్లాల చిన్న చిన్న కొక్కేలు అడ్డంగా కలుపుతాయి. నులక మంచం అల్లిక ఎలా ఉంటుందో అలాంటిదే ఇది, ఒకదాని మీద ఒకటి ఎన్నో వరుసలుగా పేర్చి ఉన్నది. ఆ అల్లికలోంచి టైకాయిక్ ఆమ్లాల పోగులు బయటికి చొచ్చుకొస్తాయి. పైన మాంసకృత్తులు, చక్కెరల జిగురు. ఈ గోడకు రెండు పనులు. లోపలి నుంచి వచ్చే ఒత్తిడికి కణం పగిలిపోకుండా బిగించి పట్టుకోవాలి, అదే సమయంలో తిండి లోపలికి రావడానికి సందులివ్వాలి. బిగువూ సందూ రెండూ ఒకే అల్లికలో ఉండాలి. దాన్ని కట్టినవాడికి కళ్లు లేవు, చేతులు లేవు. అయినా ప్రతి ఇరవై, ముప్పై నిమిషాలకోసారి రెండుగా చీలుతూ, ప్రతిసారీ ఆ గోడను లోటు రాకుండా కొత్తగా కట్టుకుంటాడు.

వేడి తగిలినప్పుడు, ఆమ్లం తగిలినప్పుడు అడ్డంగా ఉన్న కొక్కేలు కొన్ని తెగుతాయి. అల్లిక వదులవుతుంది. అంతవరకు లోపల దాగిన తావులు బయటపడతాయి. విషపు అణువు అంటుకోవడానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. చచ్చినవి ఎక్కువ పట్టడానికి పరిశోధకులు చెప్పిన కారణం ఇదే.

ఏ భాగానికి అంటుకుంటోందో తేల్చడానికి వాళ్లు ఎంచుకున్న దారి కూడా పనితనమే. కారొలిన్ హాస్కార్డ్ తదితరులు గోడలోని చక్కెరలను దెబ్బతీసే పెరయొడేట్‌తో ఒకసారి, మాంసకృత్తులను కోసే ఎంజైముతో ఒకసారి బ్యాక్టీరియాను తడిపి చూశారు. రెండుసార్లూ పట్టు తగ్గింది. నీటికి దూరంగా జరిగే గుణమున్న భాగాల బంధాన్ని చెడగొట్టే యూరియాతో చూస్తే, అప్పుడూ తగ్గింది. ఉప్పు కలిపితే పెద్ద తేడా రాలేదు. దాన్నిబట్టి విద్యుదావేశాల ఆకర్షణ ఇక్కడ ప్రధానం కాదని, నూనె చుక్క మరో నూనె చుక్కను కలిసే తీరు బంధమే ఎక్కువని అర్థమైంది. 2004లో సంపో లాహ్టినెన్ బృందం ఇంకో అడుగు వేసి గోడను విడిగా తీసి పరీక్షించింది. పెప్టిడోగ్లైకాన్ దండిగా పట్టింది. పైన ఉండే చక్కెరల జిగురుకు పెద్ద పాత్ర కనబడలేదు. మాంసకృత్తుల విషయంలో ఈ రెండు పరిశోధనలు ఒకే మాట చెప్పలేదు. ఫ్రాన్స్‌లో విన్సెంట్ నిడెర్‌కార్న్ తదితరులు ఫ్యుమోనిసిన్ మీద చేసిన పనిలోనూ పెప్టిడోగ్లైకానే ముందుకొచ్చింది. వాళ్లు పరీక్షించినవాటిలో మన పెరుగులోని స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ కూడా ఉంది. పుల్లదనం పెరిగితే ఆ పట్టు బలపడింది. అదీ మన సల్లకు కలిసొచ్చే గుణమే.

జిగురు అన్నాను కాబట్టి చెరకు నేలలో ఉన్న ఒక బంధువు గురించి చెప్పాలి. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడానికి ముఖ్య కారణం లూకొనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే లాక్టిక్ బ్యాక్టీరియా. బొగ్గుపులుసు వాయువు వదిలి పిండిని పైకెత్తుతుంది. వంటింట్లో ఇంత గౌరవం ఉన్న ఈ జీవమే చక్కెర ఫ్యాక్టరీలో పెద్ద నష్టం. నరికిన చెరకు గడ కొసల్లోంచి లోపలికి చేరి, చక్కెరను రెండుగా చీల్చి, ఒక సగాన్ని డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా పేనుతుంది. రసం చిక్కబడుతుంది, చక్కెర పలుకు సరిగ్గా కట్టదు. అందుకే నరికిన చెరకును ఆలస్యం చేయకుండా గానుగకెత్తాలని ఫ్యాక్టరీలు పట్టుబడతాయి. 1930ల చివర్లో బోధన్ పక్క శక్కర్‌నగర్‌లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరుబడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఎడ్లబండ్ల వరుసలు కట్టిన రోజుల్లో, వరుసలో గడిచే ప్రతి గంటా ఈ బ్యాక్టీరియాకు లాభం, రైతుకూ ఫ్యాక్టరీకీ నష్టం. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు పొలాలు వరి మళ్లయ్యాయి. అక్కడ శత్రువుగా ఉన్న జీవం ఇప్పటికీ అదే బోధన్ ఇళ్లలో ప్రతి రాత్రీ ఇడ్లీ గిన్నెలో నిలబడి పని చేస్తోంది. ఆ జిగురు పేనే నేర్పుకు నేను ముచ్చటపడతాను. విషం పట్టే పనిలో మాత్రం దాని జిగురుకంటే, లోపలి అల్లికకే పెద్దపీట వేయాలి.

ఇక పరిశోధనశాల దాటి బయటికి రావాలి. గాజు గొట్టంలో 80 శాతం పట్టినది కడుపులో ఎంత పడుతుంది? కోడిపిల్లల పేగులో బ్యాక్టీరియానూ విషాన్నీ కలిపి ఉంచి చూసినప్పుడు, జీజీ తెగ ఉన్నచోట పేగు కండలోకి చేరిన విషం దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గింది. మనుషుల మీద పెద్ద పరీక్ష చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగింది. అక్కడి తిండిలో అఫ్లాటాక్సిన్ బెడద ఎక్కువ. 90 మంది ఆరోగ్యవంతులైన యువకుల్లో సగానికి రామ్నోసస్ ఎల్‌సీ 705తో పాటు స్విస్ జున్నులో ఉండే ప్రొపియోనిబ్యాక్టీరియం ఉన్న క్యాప్సూళ్లు, మిగతావాళ్లకు బ్యాక్టీరియా ఏమీ లేని క్యాప్సూళ్లు, ఎవరివి ఏవో ఎవరికీ తెలియకుండా ఐదు వారాలు ఇచ్చారు. డీఎన్ఏకు అంటుకుని దెబ్బతీసిన విషపు గుర్తు మూత్రంలో కనిపిస్తుంది. ఆ గుర్తు మూడో వారానికి 36 శాతం, ఐదో వారానికి 55 శాతం తగ్గింది. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇది. ఎందుకంటే వాళ్లు కొలిచింది గాజు గొట్టంలోని ద్రవాన్ని కాదు, బతికున్న మనుషుల డీఎన్ఏకు తగిలిన దెబ్బను.

దీన్ని పట్టుకుని రోజుకు గిన్నెడు పెరుగు తింటే బూజు మక్కలు తిన్నా పర్వాలేదని ఎవరైనా చెబితే నమ్మకూడదు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ప్రొబయాటిక్ పేరుతో అమ్మే సరుకు మీద ఆశ చాలా పెరిగింది. ఈ పట్టు బంధం బలమైనది కాదు. పట్టిన బ్యాక్టీరియాను నీటితో ఐదుసార్లు కడిగితే, అన్నిటికంటే మంచి తెగలు కూడా పట్టినదంతా నిలుపుకోలేకపోయాయి, కొంత జారిపోయింది. పేగు నిండా ద్రవాలు, పిత్తం, జిగురుపొర ఉంటాయి. జిగురుపొరకు అతుక్కున్న బ్యాక్టీరియా విషాన్ని తక్కువగా పట్టిందని కూడా తేలింది. ఒక చోటు కోసం రెండింటి మధ్య పోటీ అన్నమాట. ఇక సంఖ్య విషయం. గాజు గొట్టంలో మంచి ఫలితం రావాలంటే మిల్లీలీటరుకు 200 కోట్ల దాకా బ్యాక్టీరియా కావలసివచ్చింది. ఇంటి పెరుగులో గ్రాముకు ఉండేది అందులో ఇరవయ్యో వంతు నుంచి, ఎక్కువలో ఎక్కువ సగం. మొత్తం మీద పెద్ద గ్లాసుడు పెరుగులో చాలానే ఉంటాయి, కాని చిక్కదనం తక్కువ. అన్నిటికంటే ముఖ్యమైనది తెగ. రామ్నోసస్ ఎల్‌సీ 705 చేసింది మన ఇంటి తోడులోని లాక్టోకాకస్ కూడా అంతే చేస్తుందని ఎవరూ పరీక్షించకుండా అనలేరు. ఒకే జాతిలోని రెండు తెగల మధ్యే తేడా కనిపించింది.

ఇంకో మెలిక పాలలోనే ఉంది. బూజుపట్టిన పల్లి చెక్కో పత్తి గింజల చెక్కో తిన్న గేదె ఆ విషంలో 1 నుంచి 6 శాతం దాకా మరో రూపంలో, అఫ్లాటాక్సిన్ ఎం1గా, పాలలోకి పంపుతుంది. కాచినా పోదు. అందుకే పాలలో దీనికి లీటరుకు సుమారు అర మైక్రోగ్రాము దగ్గర హద్దు గీశారు. ఐరోపాలో అందులో పదో వంతే. ఎం1ను కూడా లాక్టిక్ బ్యాక్టీరియా పడుతుంది, కాని గింజల్లో ఉండే అసలు రూపమైన బి1 కంటే తక్కువగా. అంటే పెరుగు చేసే గోడ పని గిన్నెలో మొదలవకముందే, కొట్టంలో దాణా దగ్గరే ఒక పని మిగిలి ఉంది.

ఇంత చెప్పినా, ఆ గట్క గిన్నె నన్ను వదలడం లేదు. కోడిపిల్లల పేగులో ఫలితం వచ్చింది విషమూ బ్యాక్టీరియా ఒకే సమయంలో ఒకే చోట ఉన్నప్పుడు. మక్క గట్కలో సల్ల పోసుకుని తినడం కచ్చితంగా ఆ సందర్భమే. ఉదయం క్యాప్సూల్ మింగి మధ్యాహ్నం రొట్టె తినడం వేరు, ముద్దలోనే రెండూ కలిసి ఉండడం వేరు. వేడి గట్క మీద పోసిన సల్లలో కొన్ని బ్యాక్టీరియాలు చచ్చిపోతాయి. సల్ల చారు మరిగించినప్పుడు ఇంకా ఎక్కువ చస్తాయి. పొట్టలో ఆమ్లం ఇంకొన్నిటిని చంపుతుంది. పరిశోధనశాలలో వాడిన ఆమ్లం మన పొట్టలోదానికన్నా చాలా ఘాటు కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడకూడదు. అయినా చావు ఈ పనికి అడ్డం కాదన్న సంగతి ఖాయం. ప్రొబయాటిక్ అనిపించుకోవాలంటే జీవించి ఉండాలన్నది 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు చెప్పిన నిర్వచనం. ఆ నిర్వచనం ప్రకారం సల్ల చారులోని చచ్చిన బ్యాక్టీరియాకు ఆ పేరు దక్కదు. పని మాత్రం చేయగలదు. మన వంటలు రుచి కోసం, చలువ కోసం ఏర్పడ్డాయి. విషం పట్టడానికని ఎవరూ వండలేదు. అయినా ఆ వంటల్లో ఈ పని జరిగే వీలు కుదరడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కోళ్ల ఫారాలవాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. మన మక్కల్లో పెద్ద భాగం కోళ్ల దాణాకే పోతుంది. దాణా కలిపేటప్పుడు టాక్సిన్ బైండర్ కలపడం వాళ్లకు రోజువారీ పని. అందులో బెంటొనైట్ మట్టి ఉంటుంది, చాలాసార్లు ఈస్ట్ గోడ ఉంటుంది. ఈస్ట్ బ్యాక్టీరియా కాదు, దాని గోడ అల్లిక వేరే చక్కెరలది. సూత్రం మాత్రం ఒకటే: పేగు దాటకముందు పట్టు. కోడికి అందే ఈ రక్షణ దాన్ని మేపే మనిషి తినే మక్కలకు అంత శ్రద్ధగా అందడం లేదు. ఇది నాకు బాధ కలిగించే సంగతి.

అన్నిటికంటే ముందు చేసే పని మాత్రం కల్లంలోనే ఉంది. కొనుగోలు కేంద్రంలో వడ్లకు తేమ 17 శాతం, మక్కలకు 14 శాతం దాటితే తూకం దగ్గర పేచీ వస్తుందని ఈ ప్రాంతపు రైతుకు తెలుసు. తేమ మిషన్ చూపించే ఆ అంకె ధర కోసం పుట్టింది. బూజు వైపు నుంచి చూస్తే అదే గీత ప్రాణానికీ గీత. మక్కల్లో తేమ 14కు దిగువన ఉంటే ఆస్పర్జిల్లస్‌కు ఎదగడం కష్టం. కోతల సమయంలో వాన వస్తే రోడ్ల మీద టార్పాలిన్లు కప్పుకుంటూ, తీసుకుంటూ, వడ్లు తిరగేస్తూ రాత్రంతా మేలుకునే రైతు కుటుంబాలు చేసేది కూడా విషాన్ని ఆపే పనే. ఆ పని సరిగ్గా జరగాలంటే ఆరబెట్టే కల్లాలు, వానకు తడవని షెడ్లు, అద్దెకు దొరికే డ్రయ్యర్లు ఊరికి అందుబాటులో ఉండాలి. పెరుగు వాటికి బదులు కాదు. వాటి తర్వాత మిగిలిన కొద్దిపాటి విషానికి అడ్డం.

ఒక పని ఇక్కడే చేయొచ్చు. చందూర్‌కు పొరుగునే ఉన్న రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆహార సాంకేతిక కళాశాల కూడా ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి, ఫరీద్ వలియార్ వంటి శాస్త్రవేత్తలు పల్లీల్లో అఫ్లాటాక్సిన్ కొలవడానికి తక్కువ ఖర్చుతో ఎలైసా పరీక్షను రూపొందించి ఏళ్లవుతోంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో తరతరాలుగా నడుస్తున్న తోడులను, ఇంటికో గిన్నె చొప్పున సేకరించాలి. ఒక్కో తోడులోని తెగలను వేరుచేసి పెంచి, లెక్కపెట్టి, శుభ్రంగా కడగాలి. తూచిన విషం కలిపిన ద్రవంలో బతికున్నవి ఒకసారి, మరిగించి చంపినవి ఒకసారి వేయాలి. యంత్రంలో తిప్పి అడుక్కి దించి, పైన తేరిన ద్రవంలో మిగిలింది ఎలైసాతో చూడాలి. ఆ తర్వాత పట్టినదాన్ని ఐదుసార్లు కడిగి, ఏ తెగ ఎంత నిలుపుకుందో రాయాలి. ద్రవం బదులు మెత్తగా వండిన మక్క గట్కలో సల్ల కలిపి కూడా అదే చూడాలి, ఎందుకంటే మనం తినేది ద్రవం కాదు. ఇందులో చేయలేనంత కష్టమైన మెట్టు ఒక్కటీ లేదు. చాలా తోడులు మామూలుగానే తేలొచ్చు. వాటిలో ఒకటో రెండో రామ్నోసస్‌తో పోటీపడే గోడ కట్టుకుని ఉంటే, దాన్ని ఏ కంపెనీ దగ్గరా కొనక్కర్లేదు. అది ఇప్పటికే ఒక ఇంటి పెరుగు గిన్నెలో ఉంది, పక్కింటివాళ్లు తోడుకని వస్తే ఓ గరిటెడు ఇచ్చి పంపిస్తారు.